పిండి ఊడని చేప, మాడని చిప్స్

ప్రశ్న: మేం లీడ్స్‌లో ఉంటాం. మా అత్తగారు కాకినాడ నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఈస్టర్ సెలవుల్లో సముద్రం చూపిద్దామని విట్‌బీ తీసుకెళ్లి, అక్కడ ఫిష్ అండ్ చిప్స్ (పిండిలో ముంచి వేయించిన చేప, లావుగా కోసి వేయించిన బంగాళాదుంప ముక్కలు) తినిపించాం. ఆవిడకు తెగ నచ్చింది. అత్తగారు చేప, కోడి తింటారు గానీ గొడ్డు మాంసం అనే మాట కూడా ఇంట్లో వినపడకూడదు. తిని లేచేటప్పుడు గోడ మీది బోర్డు చూశాం. ఆ షాపులో అన్నీ బీఫ్ డ్రిప్పింగ్‌లోనే, అంటే గొడ్డు కొవ్వులోనే వేయిస్తారట. నేనూ మావారూ నోరు మెదపలేదు. మా తొమ్మిదేళ్ల బాబు కూడా ఆ బోర్డు చదివాడు. ఇప్పుడావిడ "మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారు?" అంటున్నారు. ఇంట్లోనే చేసి పెడదామని రెండుసార్లు ప్రయత్నించాను. ఫ్రోజెన్ చేప తెచ్చి, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి గంట ఉంచాను. మైదాపిండిని బజ్జీల పిండిలా బాగా గిలకొట్టి నానబెట్టాను. అయినా పిండి పొరంతా నూనెలోనే ఊడిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసిన బంగాళాదుంపలతో చిప్స్ చేస్తే పైన నల్లబడ్డాయి, లోపల పచ్చిగా ఉన్నాయి. మావారు ఆఫీసు నుంచి వచ్చేదాకా అన్నీ హాట్ బాక్సులో పెడితే ఉన్న కాస్త కరకర కూడా పోయింది. నేను చేస్తున్న తప్పేమిటి? అత్తగారికి ఆ బోర్డు సంగతి చెప్పాలా?

– ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. వంట సంగతి ఎలాగూ పొడుగు.

చెప్పాలి. కానీ చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. కొడుకు చెప్తే అది "తెలియక జరిగిపోయిందమ్మా" అవుతుంది. కోడలు చెప్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా తొమ్మిదేళ్ల పిల్లాడు చదివేశాడంటే ఆ రహస్యానికి ఇంకెన్నాళ్లో ఆయుష్షు ఉండదు. వాడు ఏ సాయంత్రమో అన్నం తింటూ మామ్మతో అనేస్తాడు. అప్పుడు ఆవిడకు డ్రిప్పింగ్ మీద కన్నా మీరిద్దరూ దాచారన్న దాని మీదే ఎక్కువ బాధ కలుగుతుంది. తిన్నాకే బోర్డు చూశామని ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఆవిడ రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు. తలంటు పోసుకుని దేవుడి దగ్గర దీపం పెట్టుకోవచ్చు. పెట్టుకోనివ్వండి.

నేను షెఫీల్డ్‌లో పదకొండేళ్లు కాపురం చేశాను. వెళ్లిన మొదటి ఏడాదే నాకూ ఇది జరిగింది. కాకపోతే నేను తిన్నది చేప కూడా కాదు, ఉత్త చిప్స్. దుంపలే కదా అనుకున్నాను. అదీ కార్తీక సోమవారం, ఉపవాసం ఉండి సాయంత్రం ఆకలి తట్టుకోలేక కొనుక్కుని. మర్నాడు పక్కింటావిడ మాటల్లో చెప్పాక తెలిసింది. డ్రిప్పింగ్ అంటే గొడ్డు మాంసం కొవ్వును కరిగించి వడగట్టింది. యార్క్‌షైర్‌లోనూ ఉత్తరాన మరికొన్ని చోట్లా అది పాతకాలం అలవాటు. రుచి అందులోనే ఉందని వాళ్ల గట్టి నమ్మకం, అందుకే గర్వంగా బోర్డు మీద రాసుకుంటారు. దక్షిణాన ఎక్కువ షాపులు మామూలు వంటనూనెలే వాడతాయి. మీ వైపు కూడా వెజిటబుల్ ఆయిల్‌లో వేయించే షాపులు దొరుకుతాయి. ఇకముందు లోపలికి అడుగు పెట్టగానే కౌంటర్ దగ్గర "దేనిలో వేయిస్తారు?" అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అది. చిప్స్ మాత్రమే కొన్నా సరే అడగాలి. నా అనుభవంతో చెప్తున్నాను.

నూనెలో చేస్తే అసలు రుచి రాదేమో అని మీకు అనుమానం ఉంటే దాన్ని వదిలేయండి. ఇంగ్లండ్‌కు వేయించిన చేప వచ్చిందే నూనెతో. స్పెయిన్, పోర్చుగల్‌లో ఉండనివ్వక వెళ్లగొడితే వలస వచ్చిన యూదుల వంట అది. శనివారం వాళ్లకు సబ్బాతు, ఆ రోజు పొయ్యి వెలిగించరు. అందుకని శుక్రవారమే చేపకు పిండి అద్ది నూనెలో వేయించి పెట్టుకుని, మర్నాడు చల్లగానే తినేవాళ్లు. దానికి వేడివేడి చిప్స్ ఎక్కడ జతపడ్డాయన్నది మాత్రం ఇప్పటికీ తేలని తగువు. తూర్పు లండన్‌లో జోసెఫ్ మాలిన్ అనే యూదు కుర్రాడు 1860 ప్రాంతంలో మొదటి షాపు పెట్టాడని లండన్ వాళ్లంటారు. కాదు, 1863లో మా మాస్లీలో జాన్ లీస్ పెట్టాడని లాంకషైర్ వాళ్లంటారు. మన పూతరేకులు, కాజాల తగువుల్లాంటిదే. మీ ఊరి పక్కనే గైస్లీలో హ్యారీ రామ్స్‌డెన్ 1928లో ఒక చెక్క గదిలో మొదలుపెట్టి, మూడేళ్లు తిరిగేసరికి షాండ్లియర్లు వేలాడే హాలు కట్టాడు. మిల్లుల్లో రోజంతా పనిచేసి వచ్చిన కూలీలకు వేడిగా, చవగ్గా, కడుపునిండా దొరికిన తిండి ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసం, వెన్న, చక్కెర అన్నీ రేషన్ మీద ఇచ్చినా ఫిష్ అండ్ చిప్స్‌ను మాత్రం రేషన్‌లో పెట్టలేదు.

ఇక మీ వంటలోకి వద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చేసినవన్నీ మన వంటింట్లో మంచి అలవాట్లే. ఈ వంటకే అవి పనికిరావు. చేప దగ్గర నుంచి హాట్ బాక్సు దాకా మీ గొడవంతా తడి వల్ల వచ్చింది.

మనం చేప వేపుడు చేసినప్పుడు మసాలా పైకి కనపడాలి, నాలుకకు తగలాలి. దీనిలో పైన ఉండే పిండి పొర రుచి కోసం కన్నా మూత కోసం. వేడి నూనెలో పడగానే ఆ పొర గట్టిపడి పెంకులా మారుతుంది. లోపలి చేప నూనెలో వేగదు, తన తడితో తానే ఆవిరి మీద ఉడుకుతుంది, ఇడ్లీ పాత్రలో ఇడ్లీలాగ. అందుకే విరిస్తే తెల్లగా, పొరలు పొరలుగా, జ్యూసీగా వస్తుంది. ఇప్పుడు మీరు పెట్టిన అల్లంవెల్లుల్లి ముద్ద, నిమ్మరసం చూడండి. చేప ఒళ్లంతా జారుడుగా తడిసి ఉంది. దాని మీద పిండి పట్టుకునేదెక్కడ? పట్టుకున్న కాస్తా కింది నుంచి ఆవిరి తన్నేసరికి పెచ్చులా లేచిపోతుంది. ఫ్రోజెన్ చేప కాబట్టి కరిగేటప్పుడు అది వదిలే నీళ్లు వేరే. ఫ్రోజెన్ అని చిన్నచూపు వద్దులెండి, చాలా షాపులు వాడేది కూడా సముద్రం మీదే ఓడలో గడ్డకట్టించిన చేపే. కాకపోతే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి నెమ్మదిగా కరగనివ్వాలి. వేడినీళ్లలోనో మైక్రోవేవ్‌లోనో కరిగించకూడదు.

చేప యార్క్‌షైర్‌లో హ్యాడాక్, లండన్ వైపు కాడ్. రెండిట్లో ఏదైనా బాగుంటుంది. నాకు హ్యాడాకే ఇష్టం, కొంచెం తీపి రుచి ఉంటుంది. తలా 150 నుంచి 180 గ్రాముల ముక్క, ముల్లు తీసింది, తోలు కూడా తీసింది తీసుకోండి. తోలుంటే పిండికి అదొక జారుడు. ముక్క మధ్యలో వేలితో తడిమి చూసి, సన్న ముళ్లు తగిలితే పట్టకారుతో లాగేయండి. అత్తగారికి ముల్లు కొత్త కాదు గానీ, పిండి లోపల దాక్కున్న ముల్లు ఎవరికైనా ప్రమాదమే.

వేయించడానికి ఇరవై నిమిషాల ముందు ముక్కలకు రెండు వైపులా ఉప్పు చల్లి వదిలేయండి. ఉప్పు నీటిని పైకి లాగుతుంది, చేప కండ కూడా కాస్త గట్టిపడుతుంది. ఆ నీటిని కిచెన్ పేపర్‌తో ఒత్తి ఒత్తి తీసేయండి. ఒక్కసారి తుడిస్తే చాలదు. కాగితం పొడిగా బయటికొచ్చేదాకా ఒత్తాలి. తర్వాత పళ్లెంలో పొడి మైదా పరిచి ముక్కను రెండువైపులా పొర్లించి, దులిపేయండి. పలచగా పొడి అంటుకుని ఉండాలి, అంతే. మీ రెండు ప్రయత్నాల్లోనూ లేనిది ఈ పొడి పూతే. చేపకూ పిండికీ మధ్య జిగురు పనిచేసేది అదే. మసాలా లేకపోతే చప్పగా ఉంటుందని మనసు పీకితే ఆ పొడి మైదాలో చిటికెడు మిరియాల పొడి కలుపుకోండి. కారం, పసుపు ఈ పూటకు డబ్బాలోనే ఉంచండి. మీ అత్తగారు విట్‌బీలో తిని మెచ్చుకున్నది మసాలా లేని చేపనే కదా.

ఇప్పుడు పిండి. బజ్జీల పిండి మనం ఎంత గిలకొడితే అంత తేలిక అవుతుంది. అది శనగపిండి కాబట్టి చెల్లింది, దాన్లో గ్లూటెన్ అనే సాగే పదార్థం లేదు. మైదాలో ఉంది. మైదాను నీళ్లు పోసి గిలకొట్టే కొద్దీ, నానబెట్టే కొద్దీ ఆ గ్లూటెన్ సాగి తీగలు తీగలుగా అల్లుకుంటుంది. పరోటాకు కావాల్సింది అదే. ఇక్కడ అలా చేస్తే పెళుసుగా రావాల్సిన పొర కాస్తా రబ్బరులా సాగుతుంది. పైగా నానేసరికి బేకింగ్ పౌడర్ బుడగలు కూడా నిద్రపోతాయి. కాబట్టి పిండి ఆఖరి నిమిషంలో, నూనె కాగాక కలుపుకోవాలి.

నలుగురికి 150 గ్రాముల మైదా, 50 గ్రాముల బియ్యప్పిండి, మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు ముందే పొడిగా కలిపి పెట్టుకోండి. అక్కడి ప్యాకెట్ మీద ప్లెయిన్ ఫ్లోర్ అని ఉన్నదే మన మైదా. సెల్ఫ్ రైజింగ్ అని ఉంటే దాన్లో బేకింగ్ పౌడర్ కలిపే ఉంటుంది, అది తీసుకోవద్దు. బియ్యప్పిండి బ్రిటిష్ పద్ధతి కాదని ఎవరైనా అంటే అననివ్వండి, దాని వల్ల కరకర ఎక్కువసేపు నిలుస్తుంది. ఇందులో ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డ సోడా 225 మిల్లీలీటర్లు పోసి, విస్క్‌తో పది పదిహేను తిప్పులు తిప్పి ఆపేయండి. చిన్న చిన్న ఉండలు ఉన్నా పట్టించుకోవద్దు. దోసెల పిండి కన్నా కొంచెం చిక్కగా, మిరపకాయ బజ్జీ పిండి కన్నా పలచగా ఉండాలి. బాగా చిక్కగా ఉంటే ఇంకో రెండు చెంచాల సోడా పోయండి. సోడా బదులు చల్లటి బీరు పోసేవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో అది ఇంకో పంచాయితీ కాబట్టి సోడాయే మేలు. ఈ రెండిట్లోనూ పనిచేసేది గ్యాసే. కొన్ని షాపుల్లో పాతకాలం నుంచి మామూలు నీళ్లలో వంటసోడా, ఒక చెంచా వెనిగర్ కలిపి కూడా చేస్తారు, ఆ రెండూ కలిస్తే వచ్చేది కూడా అదే గ్యాస్.

చిప్స్ దగ్గర మీ తప్పు దుంపను ఫ్రిజ్‌లో పెట్టడం. బంగాళాదుంప బాగా చల్లగా ఉంటే దాన్లోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర నూనెలో లోపల ఉడికేలోపే మాడి నల్లబడుతుంది. దుంపలు ఎప్పుడూ చీకటిగా, చల్లగా ఉండే అలమరలోనే పెట్టాలి. ఏ దుంప అన్నది కూడా ముఖ్యం. న్యూ పొటాటోస్ అని దొరికే చిన్న నున్నటి దుంపల్లో నీరు ఎక్కువ, కూరకు బాగుంటాయి గానీ చిప్స్‌కు పనికిరావు. మ్యారిస్ పైపర్ అని సంచి మీద రాసి ఉంటుంది, అది తెచ్చుకోండి. 1966 నుంచి అక్కడ చిప్స్‌కు పేరుపడ్డ రకం. అది దొరక్కపోతే కింగ్ ఎడ్వర్డ్.

కిలో దుంపలు చెక్కు తీసి, మీ చూపుడు వేలంత లావు, సెంటీమీటరుకు కాస్త ఎక్కువే ఉండేలా కోయండి. బర్గర్ షాపుల్లో ఇచ్చే పుల్లల్లాంటివి ఫ్రెంచ్ ఫ్రైస్, అవి వేరు. కోసిన ముక్కల్ని చన్నీళ్లలో రెండు మూడుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, జల్లెడలో వేసి, పాత చీరముక్క మీదో టీ టవల్ మీదో పరిచి బాగా ఆరనివ్వండి. తడి ముక్కలు నూనెలో వేస్తే నూనె పొంగి పొయ్యి మీదికి వస్తుంది. అది ఎంత ప్రమాదమో కింద చెప్తాను.

వీటిని రెండుసార్లు వేయించాలి. షాపుల వాళ్ల కిటుకంతా ఇందులోనే ఉంది. మొదట నూనె 130 నుంచి 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఏడెనిమిది నిమిషాలు. రంగు రాకూడదు. చాకు మొనతో గుచ్చితే మెత్తగా దిగాలి, అంతే. తీసి జల్లి మీద చల్లారనివ్వండి. ఇది మీవారు రావడానికి రెండు గంటల ముందే చేసి పెట్టుకోవచ్చు, ఏమీ కాదు. తినేముందు రెండోసారి 190 డిగ్రీల్లో రెండు మూడు నిమిషాలు వేస్తే బంగారు రంగు, కరకర రెండూ వస్తాయి. మీరు పచ్చి దుంపను నేరుగా బాగా కాగిన నూనెలో వేశారు. పైన రంగు రావడానికి రెండు నిమిషాలు చాలు, లోపల ఉడకడానికి పది కావాలి. ఆ తేడాయే మీ పళ్లెంలో కనపడింది.

నూనె వేడి చేత్తో, కంటితో అంచనా వేసే అలవాటు మనది. పిండి చుక్క వేస్తే పైకి తేలితే కాగినట్టు. బజ్జీలకు అది చాలు, ఇక్కడ 130కీ 180కీ తేడా తెలియాలి. చిన్న వంట థర్మామీటర్ ఒకటి కొనండి. అల్లుడి కోసం కొన్నట్టు కాకుండా మీ కోసం కొనండి, పాకాలకు కూడా పనికొస్తుంది. నూనె ఏదంటారా, సన్‌ఫ్లవర్ నూనె చాలు. రిఫైన్డ్ వేరుశనగ నూనె అయితే ఇంకా బాగుంటుంది. ఇంటికి బాబు స్నేహితులు ఎవరైనా తినడానికి వస్తే మాత్రం వేరుశనగ అలర్జీ ఉందేమో వాళ్ల అమ్మల్ని ముందే అడగండి.

చేప వేయించేటప్పుడు నూనె 180, 185 మధ్య ఉండాలి. ముక్కను తోక వైపు పట్టుకుని పిండిలో ముంచి లేపి, ఎక్కువైనది జారిపోనిచ్చి, నూనెలోకి మెల్లగా, మీకు అవతలి వైపుకి పడేలా వదలండి. గభాల్న వదిలేయకుండా సగం ముక్క నూనెలో ఉండగా మూడు నాలుగు అంకెలు లెక్కపెడితే పిండి ఉబ్బి ముక్క తేలుతుంది, అడుగుకు అంటుకోదు. ఫ్రయ్యర్ బుట్టలో పెట్టి దించారంటే పిండి తీగలకు అతుక్కుని మళ్లీ ఊడుతుంది. ఒకసారికి రెండు ముక్కలు మించొద్దు, నూనె చల్లబడిపోతుంది. పై వైపు మీద గరిటెతో వేడినూనె పోస్తూ, మధ్యలో ఒకసారి తిప్పి, లావును బట్టి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. నూనెలో ముక్క చుట్టూ బుసబుసలు తగ్గాయంటే పిండి పొరలోని తడి చాలావరకు ఆవిరైపోయిందని అర్థం. చేప అయ్యాకే నూనె వేడి పెంచి చిప్స్ రెండో వాయి వేయండి. మిగిలిన చేపను ఈలోపు 100 డిగ్రీల ఓవెన్‌లో, తీగల జల్లి మీద, మూత లేకుండా ఉంచొచ్చు.

హాట్ బాక్సు మాట మర్చిపోండి. పూరీలకు, రోటీలకు మంచిదే, ఎందుకంటే అవి మెత్తగా ఉండాలి. వేయించిన చేపను మూతపెట్టి ఉంచితే దాని ఆవిరే దాని మీద పడి నానిపోతుంది. టిష్యూ కాగితం పరిచిన పళ్లెంలో పెట్టినా కింది వైపు మెత్తబడుతుంది. జల్లి మీద పెడితే గాలి ఆడుతుంది. మీవారు బస్సు దిగి ఫోన్ చేసినప్పుడు నూనె పొయ్యి మీద పెట్టండి. ఆయన షూ విప్పి కాళ్లు కడుక్కుని వచ్చేలోపు మొదటి రెండు ముక్కలు పళ్లెంలో ఉంటాయి. ఆ రెండూ అత్తగారికీ బాబుకీ. ఆయన ఆగగలరు.

ఇందాక ప్రమాదం అన్నాను కదా. దాని గురించి నేను మర్యాదగా చెప్పను, గట్టిగానే చెప్తాను. లోతైన, అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకుని మూడో వంతుకు మించి నూనె పోయకండి. నూనె పొయ్యి మీద ఉండగా తలుపు కొట్టినా, ఫోన్ మోగినా వంటింట్లోంచి కదలకండి. పొగ వచ్చిందంటే పొయ్యి ఆర్పేసి అలాగే వదిలేయండి. ఎప్పుడైనా నూనె అంటుకుంటే దాని మీద నీళ్లు మాత్రం పోయకండి. నీరు నూనె అడుగుకి దిగి క్షణంలో ఆవిరైపోతుంది. ఆవిరైన నీరు దాదాపు 1,700 రెట్లు విస్తరించి, మండుతున్న నూనెను సీలింగ్ దాకా ఎగజిమ్ముతుంది. చేతికి అందితే పొయ్యి ఆపండి, గిన్నెను కదపకండి, వంటింటి తలుపు మూసి అందర్నీ బయటికి తీసుకొచ్చి 999కి ఫోన్ చేయండి. అక్కడి ఫైర్ వాళ్లు చెప్పేదీ ఇదే. నేను ఒకసారి నూనె పొయ్యి మీద పెట్టి పార్సెల్ తీసుకోవడానికి వెళ్లాను. వచ్చేసరికి ఇల్లంతా పొగ, స్మోక్ అలారం గోల, మెట్ల మీద మూడు కుటుంబాలు. మంట రాలేదు, అదృష్టం. ఆ వారమే థర్మోస్టాట్ ఉన్న ఎలక్ట్రిక్ ఫ్రయ్యర్ కొన్నాను. మీరు దీన్ని తరచుగా చేసేట్టయితే మీక్కూడా అదే మేలు.

పక్కన మషీ పీస్ పెడితే అత్తగారికి సరదాగా ఉంటుంది. మ్యారోఫ్యాట్ అనే లావు ఎండు బఠాణీలు పావుకిలో తీసుకుని, రాత్రి రెండు టీస్పూన్ల వంటసోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున నీళ్లు పారబోసి కడిగి, మంచినీళ్లలో అరగంట పైన మెత్తగా ఉడికించడమే. ఉప్పు, చిటికెడు చక్కెర. తోడుగా పుదీనా ఉంటే బాగుంటుంది. ఆవిడ చూడగానే "తాలింపు లేని పప్పు" అంటారు, రాసి పెట్టుకోండి. ఆవిడ వాటా విడిగా తీసి ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి తాలింపు వేసినా ఎవరూ కేసు పెట్టరు. నేను ఇప్పటికీ అలాగే తింటాను.

పైన చల్లడానికి ఉప్పు, మాల్ట్ వెనిగర్. బార్లీతో చేసే గోధుమరంగు వెనిగర్ అది. చాలా షాపుల్లో సీసాలో ఉండేది అసలు వెనిగర్ కూడా కాదు, ఎసిటిక్ యాసిడ్‌కు నీళ్లు, రంగు కలిపి నాన్ బ్రూడ్ కాండిమెంట్ అన్న పేరుతో అమ్మేది. ఇంట్లో మాల్ట్ వెనిగరే తెచ్చుకోండి, తేడా ఉంటుంది. నిమ్మకాయ ముక్క పెట్టినా తప్పు లేదు. మీరు చేపకు ముందు పట్టించిన ఆ నిమ్మరసం వేయాల్సిన చోటు ఇదే, తినేటప్పుడు. ఎడిన్‌బరాలో మాత్రం వెనిగర్ బదులు పలచటి బ్రౌన్ సాస్ పోస్తారు. ఉత్తర ఇంగ్లండ్ షాపుల్లో కర్రీ సాస్ అని పసుప్పచ్చటి తియ్యటి పులుసు ఇస్తారు. దాన్ని అత్తగారికి ఒకసారి రుచి చూపించి ఆవిడ మొహం చూడండి. ఆవిడ కోపం పోయాకే సుమా.

నూనెలో తేలే పిండి పలుకుల్ని పారేయకండి. జల్లిగరిటెతో దేవి ఉప్పు చల్లి బాబుకివ్వండి. యార్క్‌షైర్ షాపుల్లో వాటిని స్క్రాప్స్ అంటారు, మనకు బూందీ లాంటివి. వాటిని తీసేయకపోతే నూనెలోనే మాడి తర్వాతి వాయిని చేదు చేస్తాయి కూడా.

ఆవిడ కాకినాడ వెళ్లాక అక్కడ చేయమంటే? హ్యాడాక్ దొరకదు. పండుగప్ప తెప్పించి ముల్లు లేకుండా ఫిల్లెట్ చేయించుకోండి, తెల్లటి పొరలు ఊడొచ్చే కండ, దగ్గరి రుచి. వంజరం రుచిగా ఉంటుంది గానీ కండ గట్టిది, ఇందులో అంత బాగా కుదరదు. దాన్ని మామూలుగానే వేయించుకోండి, మీరు ఆ అల్లంవెల్లుల్లి, కారం, పసుపు పట్టించి. ఆ వంటలో మీకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

మిగిలిన నూనె పూర్తిగా చల్లారాక గుడ్డలో వడగట్టి సీసాలో పోసి, "చేప" అని రాసి పెట్టండి. ఇంకో రెండుసార్లు చేపకే వాడొచ్చు. నల్లబడినా, నురగ వచ్చినా ఇక చాలు. సింకులో మాత్రం పోయకండి. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో 250 మీటర్ల పొడుగు, 130 టన్నుల కొవ్వు గడ్డ దొరికింది. జనం సింకుల్లో పోసిన నూనెలు, కొవ్వులు, పారేసిన తడి వైప్స్ కలిసి గట్టిపడ్డ గడ్డ అది. పాత సీసాలో పోసి బిరడా పెట్టి రీసైక్లింగ్ సెంటర్‌లో ఇచ్చేయండి. ఇంకొక్క మాట. ఆ చేప నూనెలో పొరపాటున కూడా శనివారం పూరీలు వేయకండి. మీవారు డ్రిప్పింగ్ సంగతి చెప్పి సర్దిచెప్పిన వారమే అయితే అసలే వద్దు.